సివిల్ కోర్టు వ్యవహారం నేర్చుకుందాం – 5వ పాఠం: సమన్లు అందినట్టా, అందనట్టా?

కిందటి పాఠంలో దావా ఫైల్ చేసి నంబరు పడేదాకా వచ్చాం. నంబరు పడగానే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అసలు ఆలస్యం మొదలయ్యేది అక్కడే. అవతలి మనిషికి, అంటే ప్రతివాదికి, కోర్టుకు రమ్మని పిలిచే కాగితం (సమన్లు) అందేదాకా కేసు కదలదు. సమన్లు తిరిగి రాలేదని వాయిదా, వచ్చినా సర్వ్ కాలేదని (ప్రతివాదికి అందలేదని) ఇంకో వాయిదా. ఇలా నెలలకు నెలలు నడిచిపోయే దావాలు ఏ కోర్టులోనైనా కనిపిస్తాయి.

ఈ పాఠంలో మీకు ఒక్క పని చేతనైతే చాలు. కోర్టుకు తిరిగొచ్చిన సమన్ల కాగితం వెనక ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రాసిన షరా, అంటే రిపోర్టు, చదివి, అది నిలబడుతుందో లేదో మీ అంతట మీరే చెప్పగలగాలి. సమన్లు ఇచ్చేటప్పుడు జడ్జి అక్కడ ఉండరు కదా. ఆయన కళ్లముందుకు వచ్చేది ఆ నాలుగు లైన్ల షరాయే. దాన్నిబట్టే ప్రతివాదిని ఎక్స్ పార్టీ చేయాలా (అంటే ఆయన రాకపోయినా కేసు నడిపించాలా), మళ్లీ సమన్లు పంపాలా అన్నది తేలుతుంది.

దీనికి సంబంధించిన రూల్స్ సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో ఆర్డర్ 5లో ఉన్నాయి. బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకం) పక్కన పెట్టుకుని చదవండి. ఇంట్లో పాత పుస్తకం ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన సవరణలతో ఈ ఆర్డర్ చాలా మారింది.

ముందు వాది వైపు పని. సమన్లు ఊరికే బయల్దేరవు, ప్రాసెస్ ఫీజు కట్టాలి. కోర్టుల్లో దీన్ని బత్తా కట్టడం అని కూడా అంటారు. కట్టకపోవడం వల్ల సమన్లు వెళ్లలేదని తేలితే ఆర్డర్ 9 రూల్ 2 కింద దావానే కొట్టేయొచ్చు. ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని సమన్లు, ప్రతి సమన్లకూ ఒక దావా కాపీ జత చేయాలి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటున్నా సరే, పెద్దాయనకు ఇచ్చాం కదా, తమ్ముడికీ ఇచ్చినట్టే అంటే కుదరదు. ఎవరి సమన్లు వాళ్లవే. చిరునామా విషయంలో బద్ధకించకండి. ఇంటి నంబరు లేకపోతే గుర్తుపట్టే ఆనవాళ్లు రాయండి, తండ్రి పేరు రాయండి. సెక్షన్ 27 ప్రకారం దావా వేసిన రోజునుంచి 30 రోజుల్లోపు సమన్లు వెళ్లాలి.

ఇక సమన్లు పట్టుకుని వెళ్లేవాళ్ల సంగతి. ప్రాసెస్ సర్వర్ వెళ్లొచ్చు, కొన్నిచోట్ల ఇప్పటికీ అమీనా అనే పిలుస్తారు. అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, కోర్టు ఆమోదించిన కొరియర్, ఈమెయిల్ కూడా రూల్ 9లో ఉన్నాయి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి కౌంటర్లో పంపేటప్పుడు డెలివరీ అయినట్టు రుజువు వచ్చే పద్ధతిలోనే పంపుతున్నారా అని అడిగి చూసుకోండి. వాదే స్వయంగా తీసుకెళ్లి ఇస్తానంటే రూల్ 9ఎ కింద కోర్టు అనుమతి తీసుకుని సమన్లు చేతికి తెచ్చుకోవచ్చు. నన్నడిగితే, మాటామాటా పెరిగిన కుటుంబ ఆస్తి గొడవల్లో ఈ దారి పెట్టుకోకపోవడమే మేలు. మీరిచ్చారంటే వాళ్లు ఇవ్వలేదంటారు, ఆ పంచాయితీ ఇంకో ఆర్నెల్లు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సమన్లు ఎవరి చేతికివ్వాలి?

మొదట ప్రతివాదికే. లేదా ఆయన తరఫున తీసుకునే అధికారం ఉన్న ఏజెంటుకు. ఇది రూల్ 12. ఆయన ఇంట్లో లేకపోతే రూల్ 15 వస్తుంది. ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యుల్లో మేజర్లెవరికైనా, ఆడైనా మగైనా, ఇవ్వొచ్చు. ఒకప్పుడు మగవాళ్లకు మాత్రమే ఇవ్వాలని ఉండేది, 1976 సవరణతో అది పోయింది. పనిమనిషి కుటుంబ సభ్యురాలు కాదని అదే రూల్ కింద వివరణలో ఉంది. పండక్కి వచ్చిన చెల్లెలూ పనికిరాదు, ఎందుకంటే ఆమె అక్కడ ఉంటున్న మనిషి కాదు.

చాలామంది ఈ రూల్‌లో సగమే చదువుతారు. ప్రతివాది ఇంట్లో లేకపోతే చాలదు. తగినంత సమయంలో ఆయన దొరికే అవకాశం లేదనీ తేలాలి, ఏజెంటు కూడా ఉండకూడదు. అప్పుడే ఇంట్లోవాళ్లకు ఇవ్వడం చెల్లుతుంది. ఆ సంగతి షరాలో కనిపించాలి.

ఇంట్లో ఎవరూ దొరకలేదు, లేదా దొరికి సంతకం పెట్టనన్నారు. అప్పుడు రూల్ 17. ఇంటి వీధి తలుపుకో, ఇంట్లో అందరికీ కనపడే మరో చోటో కాపీ అంటించాలి. ఇక్కడ ఒక అపోహ ఉంది. ఆయన తీసుకోనన్నాడు కాబట్టి పని అయిపోయింది, తిరిగొచ్చేయొచ్చు అనుకుంటారు. ప్రాసెస్ సర్వర్ విషయంలో అది చెల్లదు. నిరాకరించినా అంటించాల్సిందే, అంటించినట్టు రాయాల్సిందే. పోస్టులో వెళ్లిన కవరు సంగతి వేరు. పోస్ట్‌మ్యాన్ "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి తిప్పి పంపితే రూల్ 9(5) కింద సమన్లు అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది. "డోర్ లాక్" అని రాసి వస్తే అది నిరాకరణ కాదు. ఆ కవరు చూపించి ఎక్స్ పార్టీ అడిగే ముందు ఇంకోసారి ప్రయత్నించడం నయం.

ఇప్పుడొక షరా చదువుదాం. ఇలాంటివి రోజూ వస్తుంటాయి.

"ఈ దినం ఉదయం 11 గంటలకు ప్రతివాది ఇంటికి వెళ్లగా ఇంటికి తాళం వేసి ఉన్నది. ఇరుగుపొరుగు వారిని విచారించగా ఊరికి వెళ్లినారని చెప్పినారు. కావున సమన్లు తలుపునకు అంటించి రిపోర్టు సమర్పించుచున్నాను."

చూడ్డానికి బాగానే ఉంది. ఇప్పుడు ఒక్కో మాటా పట్టుకుని చూడండి. వెళ్లింది ఒక్కసారే. రూల్ 17 అడిగేది తగినంత శ్రద్ధగా వెతికినా దొరకకపోవడం. పదకొండు గంటలకు ఉద్యోగస్థుల ఇల్లు తాళం వేసి ఉండక ఎలా ఉంటుంది? ఊరెళ్లారన్నారు సరే, ఏ ఊరు, ఎప్పుడొస్తారు? అది అడిగినట్టే లేదు. ఇరుగుపొరుగు అంటే ఎవరు? అది ప్రతివాది ఇల్లేనని చూపించిందెవరు, ఎవరి ఎదుట అంటించారు, వాళ్ల పేరూ చిరునామా ఏవి? ఈ వివరాలు షరాలో ఉండాలని రూల్ 17, రూల్ 18 రెండూ చెబుతాయి. అంటించిన దాంట్లో దావా కాపీ ఉందా లేదా అన్నదీ రాయలేదు.

అదే షరా ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి. రెండు వేర్వేరు రోజుల్లో, ఒకసారి పొద్దున్నే, ఒకసారి రాత్రి ఏడు దాటాక వెళ్లినట్టు తేదీలు, టైములు. పక్కింటి ఫలానా వ్యక్తి, ఇంటి నంబరు ఫలానా, ఆ ఇల్లు చూపించినట్టు. ప్రతివాది కూతురి దగ్గరకు వెళ్లారనీ నెల దాకా రారనీ ఆయన చెప్పినట్టు. ఆయన ఎదుట సమన్లూ దావా కాపీ తలుపుకు అంటించినట్టు. కింద ఆయన సంతకం, దాంతోపాటు ప్రాసెస్ సర్వర్ అఫిడవిట్. అఫిడవిట్ ఎందుకంటే, అది లేకపోతే రూల్ 19 ప్రకారం కోర్టు ప్రాసెస్ సర్వర్‌ని పిలిచి ప్రమాణం మీద విచారించి తీరాలి. అఫిడవిట్ ఉంటే విచారించాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. ఇప్పుడు ఈకోర్ట్స్ ప్రాజెక్టులో ఎన్‌స్టెప్ అనే మొబైల్ యాప్ కూడా వచ్చింది. దాంతో ప్రాసెస్ సర్వర్ ఎక్కడున్నదీ జీపీఎస్‌లో నమోదవుతుంది. ఇంటి దగ్గరే కూర్చుని షరాలు రాసేవాళ్లకు ఇది కాస్త ఇబ్బందే.

అన్నీ అయ్యాక చివరి దారి రూల్ 20, అంటే పేపర్ ప్రకటన లాంటివి. ప్రతివాది తప్పించుకు తిరుగుతున్నాడని, లేదా మామూలు పద్ధతిలో సమన్లు అందించలేమని కోర్టుకు నమ్మకం కుదరాలి. దానికి ఐ.ఏ. (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేసి, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలన్నీ అఫిడవిట్‌లో రాయాలి. ప్రకటన ప్రతివాది చివరిసారి నివసించిన ప్రాంతంలో చదివే దినపత్రికలో రావాలి. తక్కువ రేటని ఎక్కడో వచ్చే పేపర్లో వేయిస్తే లాభం లేదు. ప్రకటనలో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కోర్టుకు రావాలో ఉందో లేదో ప్రూఫ్ తెప్పించుకుని చూడండి. 2018లో ఆటో కార్స్ కేసులో సుప్రీంకోర్టు ఎక్స్ పార్టీ డిక్రీని పక్కన పెట్టింది ఇందుకే. ఆ పేపర్ ప్రకటనలో హాజరు కావాల్సిన రోజు, తేదీ, సమయం లేవు.

పేపర్ ప్రకటన చాలా సుఖమని కొందరు మొదటి వాయిదాకే దాని మీద పడతారు. నాకది నచ్చదు. రూల్ 20 ప్రకారం అది స్వయంగా ఇచ్చినంత సమానమే, నిజమే. కానీ లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 123 చూడండి. ఎక్స్ పార్టీ డిక్రీ రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందినవాళ్లకు అది డిక్రీ తేదీ నుంచి, అందనివాళ్లకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. రూల్ 20 కింద చేసినదాన్ని ఈ ఆర్టికల్ కోసం సరైన సర్వీసుగా లెక్కించరని దాని కింద వివరణలోనే ఉంది. అంటే మీరు డిక్రీ తెచ్చుకుని ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) దాకా వెళ్లాక కూడా, నాకు మొన్ననే తెలిసిందంటూ ఆయన రావొచ్చు. అలాగని ప్రతివాది చేతిలో ఇది బ్రహ్మాస్త్రమేమీ కాదు. వాయిదా సంగతి ఆయనకు తెలుసనీ, రావడానికి తగిన సమయం ఉందనీ రుజువైతే, సర్వీసులో చిన్న లోపం ఉందన్న ఒక్క కారణంతో డిక్రీ రద్దు చేయకూడదని ఆర్డర్ 9 రూల్ 13 అంటోంది.

కొందరి విషయంలో కాగితం వెళ్లే దారి వేరు. జైల్లో ఉన్నవాళ్లకు జైలు అధికారి ద్వారా, సైనికులకు కమాండింగ్ ఆఫీసర్ ద్వారా. కంపెనీకైతే డైరెక్టర్‌కో, సెక్రటరీకో, మరో ముఖ్య అధికారికో ఇవ్వాలి, లేదా రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు సంతకం చూసి సంతోషపడకండి.

వాట్సాప్ సంగతి అడగనివాళ్లు లేరు. కోవిడ్ రోజుల్లో, 2020 జులైలో, ఈమెయిల్‌తో పాటు వాట్సాప్ లాంటివాటిలోనూ సమన్లు పంపొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మీరు పంపదలిస్తే కోర్టు అనుమతితో, మామూలు పద్ధతికి తోడుగా పంపండి, దాని బదులుగా వద్దు. క్రిమినల్ కేసుల్లో 2024 జులై 1న వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఎలక్ట్రానిక్ సమన్లను ఒప్పుకుంటోంది. అయినా అరెస్టుకు బదులుగా పోలీసులిచ్చే సెక్షన్ 35 నోటీసు మాత్రం వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో తేల్చేసింది.

సాక్షి సమన్లు ఆర్డర్ 16లో ఉన్నాయి. అందించే పద్ధతి దాదాపు ఇదే. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యాక 15 రోజుల్లోపు సాక్షుల జాబితా ఇవ్వాలి. సమన్లు అడిగితే సాక్షి రానూపోనూ ఖర్చులు కోర్టులో కట్టాలి. మీ మాట వినే సాక్షిని సమన్లు లేకుండానే వెంటబెట్టుకుని రావొచ్చు. కాగితాల కోసమే పిలుస్తుంటే ఏ కాగితమో స్పష్టంగా రాయండి. "సంబంధిత రికార్డులన్నీ" అని రాస్తే వచ్చిన గుమస్తా ఏదో ఒక ఫైలు పట్టుకొస్తాడు, అందులో మీక్కావలసింది ఉండదు. అలా కాగితం కోసమే పిలిచినవాళ్లు స్వయంగా రానక్కర్లేదు, ఎవరిచేతైనా పంపినా చాలు. దూరానికీ హద్దుంది. కోర్టు పరిధి బయట ఉన్న సాక్షి 100 కిలోమీటర్ల లోపు, దారిలో ఆరింట అయిదు వంతులు రైలో బస్సో ఉంటే 500 కిలోమీటర్ల లోపు ఉంటేనే స్వయంగా రమ్మనగలరు. విమాన ఛార్జీ ఇస్తే ఆ హద్దు అడ్డం రాదు. సమన్లు అందుకుని రాని సాక్షి మీద వారెంట్, ఆస్తి జప్తు, 5000 రూపాయల దాకా జరిమానా సెక్షన్ 32లో ఉన్నాయి.

ఒక్క గడువు మాత్రం డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకోండి. సమన్లు సర్వ్ కాకుండా తిరిగొచ్చాక ఏడు రోజుల్లోపు వాది కొత్త సమన్లకు దరఖాస్తు చేయాలి. చేయకపోతే ఆర్డర్ 9 రూల్ 5 కింద దావా కొట్టేస్తారు. కొత్తగా వేసుకోవచ్చు, కాకపోతే కాలదోషం పట్టకుండా ఉంటేనే. వాయిదా నెల తర్వాత కదా అని నిమ్మళంగా ఉండేవాళ్లే ఇక్కడ దొరికిపోతారు.

అవతలి వైపున ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. సంతకం పెట్టి సమన్లు తీసుకుంటే బాకీ ఒప్పుకున్నట్టు కాదు. అందిన రోజునుంచి జవాబు దావాకు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 దాకా. కమర్షియల్ దావాల్లో 120 దాటితే ఇక జవాబు దావా తీసుకోరు. దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: కింది రెండు షరాల్లో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు, ఏ రూల్ ప్రకారం? రాసి పెట్టుకోండి, ఆరో పాఠం మొదట్లో సరిచూసుకుందాం.

మొదటిది: "ప్రతివాది ఇంట లేడు. విచారించగా సాయంత్రం డ్యూటీ దిగి వచ్చునని ఆయన భార్య చెప్పినది. ఆమెకు సమన్లు, దావా కాపీ ఇచ్చి సంతకం తీసుకొంటిని."

రెండవది: "ప్రతివాది స్వయంగా ఉండి, సమన్లు చదివి, సంతకం చేయనని చెప్పినాడు. ఎదురింటి ఫలానా వారి సమక్షమున, వారి సంతకముతో, ఉదయం 8 గంటలకు సమన్లు, దావా కాపీ వీధి తలుపునకు అంటించితిని. ఇల్లు వారే చూపించినారు."