వెల్-క్వాసీ-ఆర్డర్ సిద్ధాంతాల తార్కిక బలాన్ని కొలవడం ఎలా?

ఒక సిద్ధాంతం నిరూపణకు కనీసం ఏ స్వీకృతాలు అవసరమో తేల్చడమే దాని తార్కిక బలాన్ని కొలవడం. ఇందుకు సాధనం హార్వే ఫ్రీడ్‌మన్ 1970లలో ప్రారంభించిన రివర్స్ మ్యాథమెటిక్స్. గణించదగిన (అంటే ఏ సంఖ్య ఉందో లేదో కంప్యూటర్ తేల్చగల) సమితుల ఉనికిని మాత్రమే హామీ ఇచ్చే ఆర్‌సీఏ0 అనే బలహీన వ్యవస్థను పునాదిగా తీసుకుని, సిద్ధాంతం ఏ అదనపు స్వీకృతానికి సమానమో అందులో చూపాలి.

ముందుగా నిర్వచనాన్ని స్థిరపరచుకోవాలి. ఏ అనంత అనుక్రమంలోనైనా ఒక పదం తన తరువాతి పదాలలో ఏదో ఒకదానికి తక్కువగానో సమానంగానో ఉంటే ఆ క్రమం వెల్-క్వాసీ-ఆర్డర్. అనంత అవరోహణ అనుక్రమమూ, పరస్పరం పోల్చలేని అనంత సమితీ లేకపోవడం కూడా ఇదేనని సాధారణ గణితంలో నిశ్చింతగా అంటాం గానీ, ఆర్‌సీఏ0లో ఆ సమానత్వాన్ని నిరూపించలేము. ఇక్కడి అజాగ్రత్త తరువాతి పనినంతా పాడుచేస్తుంది.

ఈ సిద్ధాంతాలలో కొన్ని టోపాలజీ మాటల్లో ఉంటాయి, అక్కడ మరొక చిక్కు ఉంది. వివృత సమితుల అనంత ఆరోహణ శ్రేణి లేని స్పేస్‌ను నోథేరియన్ అంటారు. ఆర్‌సీఏ0 వంటి వ్యవస్థల భాష అయిన రెండవ అంచె అంకగణితం సహజ సంఖ్యలను, వాటి సమితులను మాత్రమే మాట్లాడనిస్తుంది కనుక, ప్రాథమిక వివృత సమితులను పరిమిత సమాచారంతో సంకేతించాలి.

తరువాత పై హద్దు, అంటే నిరూపణకు ఏ స్వీకృతాలు సరిపోతాయో చూడటం. వెల్-క్వాసీ-ఆర్డర్ మూలకాల పరిమిత అనుక్రమాలు కూడా వెల్-క్వాసీ-ఆర్డరేనని చెప్పే హిగ్‌మన్ సిద్ధాంతానికి (1952) పరిచితమైన కనిష్ఠ చెడు అనుక్రమపు (ఏ పదమూ తన తరువాతి పదానికి తక్కువ గానీ సమానం గానీ కాని అనుక్రమాలలో కనిష్ఠమైనదాన్ని ఎంచుకునే) నిరూపణ చాలా బలమైన స్వీకృతాలను వాడుకుంటుంది. కానీ ఆ సిద్ధాంతం అంకగణిత సమితులను (సహజ సంఖ్యల గురించి మాత్రమే ‘ప్రతి’, ‘ఏదో ఒక’ అంటూ నిర్వచించగలవాటిని) హామీ ఇచ్చే ఏసీఏ0కే సమానం. కాబట్టి పుస్తకంలోని నిరూపణను బట్టి బలాన్ని అంచనా వేయకూడదు.

అసలైన శ్రమ తిరుగు దిశలో, అంటే సిద్ధాంతం నుంచి స్వీకృతాన్ని రాబట్టడంలో ఉంది, నాకు అన్నిటికన్నా అందంగా తోచేదీ అదే. సహజ సంఖ్యల మీది ప్రతి అన్వేక (వేర్వేరు సంఖ్యలకు వేర్వేరు విలువలిచ్చే) ప్రమేయం ఎఫ్‌కు వ్యాప్తి, అంటే అది తీసుకునే విలువలన్నీ, ఒక సమితిగా ఉందని చూపితే ఏసీఏ0 వచ్చినట్లే. ఎమ్ తరువాత ఎఫ్ ఎన్నడూ ఎఫ్(ఎమ్) కన్నా చిన్న విలువ తీసుకోకపోతే ఎమ్‌ను నిజ దశ అందాం. ఎమ్ కన్నా పెద్దదైన ఎన్ వచ్చేసరికి, ఎమ్ నిజ దశ కాదని అప్పటికే బయటపడితే ఎమ్‌ను ఎన్ కిందా, లేకపోతే ఎన్‌ను ఎమ్ కిందా ఉంచండి. ఇలా ఏర్పడిన రేఖీయ క్రమం ఎల్ గణించదగినదే. నిజ దశ కాని సంఖ్య కింద ఎల్‌లో పరిమితంగానే మూలకాలు ఉంటాయి కనుక, అనంత అవరోహణ అనుక్రమంలో ఉండేవన్నీ నిజ దశలే. అటువంటి అనుక్రమం దొరికితే, వై వ్యాప్తిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఎఫ్ విలువ వైని మించే నిజ దశను పట్టుకుని, అంతవరకు ఎఫ్ విలువలను పరిశీలిస్తే చాలు.

వ్యాప్తి సమితిగా లేదనుకుంటే, ఎల్‌లో అనంత అవరోహణ అనుక్రమం ఉండదు కనుక ఎల్ వెల్-క్వాసీ-ఆర్డర్ అవుతుంది. ఎల్ నుంచి తగిన క్రమాన్ని అల్లి, పరీక్షిస్తున్న సిద్ధాంతాన్ని దానికి వర్తింపజేసి, వైరుధ్యం రాబట్టాలి. ఏ క్రమం తగినదో సిద్ధాంతాన్ని బట్టి వెతుక్కోవలసిందే.

గూబో-లారెక్ 2007లో నిరూపించినది ఈ పరీక్షకు మంచి ఉదాహరణ. వెల్-క్వాసీ-ఆర్డర్ ఉపసమితులను పోల్చినప్పుడు ఆ ధర్మం నిలవకపోవచ్చని రాడో 1954లోనే ఉదాహరణ ఇచ్చాడు. అయినా తగిన టోపాలజీలో అవి నోథేరియన్‌గా ఉంటాయని గూబో-లారెక్ చూపాడు. ఈ ఫలితం కూడా ఆర్‌సీఏ0 మీద ఏసీఏ0కు సమానమని 2016లో ప్రచురితమైంది.