సోమవారం నుంచి శనివారం దాకా: పనిలో విశ్వాసం నిలబెట్టుకునే పద్ధతి

మన సంఘాల్లో "పిలుపు" అనగానే అందరి చూపూ పాస్టరు గారి వైపు తిరుగుతుంది. "పరిచర్యలో ఉన్నాడు" అంటే వాక్యం చెబుతున్నాడనో, కీబోర్డు వాయిస్తున్నాడనో అర్థం. కోవూరులో వడ్లు కొనే కమీషన్‌దారునీ, టంగుటూరులో పొగాకు గ్రేడింగుకు పోయే అక్కనీ, చీమకుర్తి క్వారీలో లారీ తోలే తమ్ముణ్ణీ నీ పిలుపేమిటని అడిగితే "ఆదివారం మానకుండా గుడికి రావడం" అంటారు. వారంలో అది రెండు మూడు గంటల సంగతి. మిగతా పొద్దంతా కాటా దగ్గర, కూలీల దగ్గర, చెరువు గట్టు మీద గడుస్తుంది. ఆ పొద్దులో ఏం చేయాలో, ఎక్కడ కాలు జారుతుందో ఇక్కడ చెప్పుకుందాం.

ఈ పనిలో ఉండాలా, మానాలా

బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులూ (పన్ను వసూలు చేసేవాళ్లు) సిపాయిలూ వచ్చి "మేమేం చేయాలి?" అని అడిగారు (లూకా 3). ఉద్యోగం మానుకోండి అని ఆయన అనలేదు. నిర్ణయించిన దానికన్నా ఎక్కువ పుచ్చుకోవద్దని సుంకరులకు చెప్పాడు. బెదిరించి డబ్బు గుంజొద్దని, జీతంతో తృప్తిపడమని సిపాయిలకు చెప్పాడు. ఆ పనికే అంటుకుని ఉండే తప్పేదో దాన్ని పట్టుకుని మాట్లాడాడు.

మీరూ అదే చేయండి. శనివారం రాత్రి ఒక నోటు పుస్తకం తీసుకుని, మీ పనిలో "అందరూ చేసేదేగా" అని సరిపెట్టుకునే సంగతులు మూడు రాయండి. వడ్ల వ్యాపారంలో తరుగు, రొయ్యల్లో కౌంటు, ఆఫీసులో మామూలు, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే యాంటీబయాటిక్, కుట్టు మిషను దగ్గర "రేపు రా అమ్మా". ఒక్కోదాని పక్కన "నా చేతిలో ఉంది" అనో "యజమాని చేతిలో ఉంది" అనో రాయండి. మీ చేతిలో ఉన్నది సోమవారమే ఆపేయవచ్చు. యజమాని చేతిలో ఉన్నదాన్ని ఆయనతో ఒక్కసారి, పక్కన ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా చెప్పండి. దొంగ లెక్క మీ చేత్తోనే రాయమని పట్టుబడితే వేరే పని వెతకడం మొదలుపెట్టండి, కానీ అది దొరికేదాకా లేదా రెండు మూడు నెలల తిండిగింజలు ఇంట్లో పడేదాకా ఉన్నది వదలొద్దు. ప్రభువు చూసుకుంటాడని సోమవారం మానేసి, బుధవారం నూటికి మూడు రూపాయల వడ్డీకి చెయ్యి చాపితే దాన్ని విశ్వాసం అనరు, తొందరపాటు అంటారు.

బాగుచేయడానికి వీల్లేని పనులు కొన్ని ఉన్నాయి. బెల్టుషాపు అందులో ఒకటి, దాని మీద చర్చ అనవసరం. పొగాకు అలా కాదు. ఒంగోలు, కందుకూరు వైపు చాలా ఊళ్లలో పిల్లల ఫీజులూ సంఘానికి వచ్చే కానుకలూ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ మీదే నడుస్తాయి. పంట మార్చుకోగల రైతు మార్చుకుంటే మంచిదే. ఆకు గ్రేడింగుకు పోయే కూలి మనిషి మీద ఆ భారం మోపడం మాత్రం న్యాయం కాదు.

కాటా దగ్గర

దొంగత్రాసు యెహోవాకు అసహ్యమని సామెతలు 11:1 చెబుతుంది. దొంగత్రాసు అంటే పళ్లెం కింద అయస్కాంతం పెట్టిందే కానక్కర్లేదు. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 17. బస్తాకు ఒక్క కిలో "తరుగు" పట్టినా పుట్టికి 17 కిలోలు పోయాయి. ఎకరాకు మూడు పుట్లు పండించిన రైతు 51 కిలోలు, అంటే ఒక బస్తా పైచిలుకు, కల్లంలోనే వదిలేసి ఇంటికి పోతాడు. పచ్చి వడ్లయితే తేమ మీటరు పెట్టి అంకె రైతుకు చూపించి ధరలో తగ్గించండి. తూకంలో లాగొద్దు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. అది రైతుకు తెలియకపోతే కొనేవాడే చెప్పాలి.

కాటాను రోజూ పొద్దున పరీక్షించుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. చదును నేల మీద పెట్టండి, కల్లంలో అయితే కింద గట్టి చెక్క వేయండి. ఖాళీగా సున్నా చూపాలి. ముద్ర ఉన్న 20 కిలోల బాటు ముందు మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టి చూడండి, ఐదుసార్లూ ఒకే అంకె రావాలి. ఒక మూలలో తగ్గితే పళ్లెం కింద గింజలో మట్టిబెడ్డో ఇరుక్కుని ఉంటుంది. శుభ్రం చేశాక కూడా అంతే ఉంటే బరువును పట్టే లోడ్‌సెల్ పోయినట్టు, ఆ రోజు దాంతో తూచొద్దు. ఖాళీ సంచిని వేరుగా తూచి తీసేయండి. గోనె సంచి అర కిలో దాటుతుంది, ప్లాస్టిక్ సంచి అందులో దాదాపు నాలుగో వంతే. రెండింటికీ ఒకే కోత వేస్తే ఎవరో ఒకరు మోసపోతారు, ఆ ఒకరు ఎప్పుడూ రైతే. తూనికలు కొలతల శాఖ ముద్ర ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, ఇనప బాట్లకు రెండేళ్లకోసారి వేయించాలి. ఇవన్నీ చేసి, అంకెలు కనబడే వైపు రైతుకేసి తిప్పి పెట్టండి.

ఇలా చేస్తే బేరాలు పోతాయా? మొదటి పంటకు కొన్ని పోతాయి. పక్క వ్యాపారి పుట్టికి 200 ఎక్కువ పాడి, తూకంలో 17 కిలోలు లాగుతాడు. పుట్టి 19,000 పలికే రోజున ఆ 17 కిలోలు 380 రూపాయలు. నీతి బోధ మొదలుపెట్టకుండా ఈ లెక్కనే చీటీ మీద వేసి రైతు చేతిలో పెట్టండి.

రొయ్యల్లో ఇదే జబ్బు కౌంటు రూపంలో వస్తుంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, అంకె పెరిగే కొద్దీ ధర పడిపోతుంది. చెరువులో ఒకే చోట వల విసిరి చిన్నవి ఏరి లెక్కేస్తే 50 కౌంటు 54 అవుతుంది. మూడు చోట్ల వల వేసి కలిపి, నీళ్లు బాగా ఓడ్చి, మూడుసార్లు కిలో చొప్పున లెక్కపెట్టి సగటు తీయండి. చెరువు వాళ్లకూ ఒక మాట. నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందులు వాడి సరుకు అమ్మేయడం, ఉప్పునీళ్లు పక్కవాడి వరి కయ్యల్లోకి పోయే కాలవలోకి వదలడం, ఇవి కూడా దొంగత్రాసులే. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజుకు, ముందు రాత్రి ప్రార్థన పెట్టించుకున్నంత మాత్రాన సరిపోదు.

కూలి డబ్బులు

కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. "అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు" అన్న కారణం కూడా అక్కడే ఉంది. నాట్లకూ కలుపుకూ మనుషుల్ని పిలిచే ముందు రోజే డబ్బు తెచ్చిపెట్టుకోండి, చిల్లరతో సహా. "ఐదొందల నోటు ఉంది, మీరు పంచుకోండి" అంటే ఆ చిల్లర కోసం ఆడవాళ్లు చీకట్లో అంగడి చుట్టూ తిరగాలి. గుత్తకు ఇస్తే మేస్త్రీకి ఎంత ఇస్తున్నారో అందరి ముందూ చెప్పి ఇవ్వండి. ఫోన్‌పే చేస్తే పని చేసిన మనిషి నంబరుకే చేయండి. ఆమెకు ఫోను లేకపోతే ఆమె చేతికే నోట్లివ్వండి, ఇంటాయన ఫోనుకు కొట్టిన డబ్బు ఇంటికి చేరుతుందన్న నమ్మకం లేదు. పాత అడ్వాన్సు కోసుకోవాలంటే వారం కూలిలో నాలుగో వంతు దాటనివ్వొద్దు.

వరి కోసేటప్పుడు మిషను తిరగలేక మూలల్లో కాస్త నిలబెట్టి పోతుంది. పొలం మూలలు పూర్తిగా కోయొద్దని, పరిగె (కోతలో రాలిన వెన్నులు) ఏరుకోవద్దని, వాటిని బీదవాళ్లకు వదలమని లేవీయకాండము 19:9 నుంచి ఉన్న మాటలు అచ్చం ఆ మూలల కోసమే రాసినట్టుంటాయి. వాటిని వదిలేసి, పరిగె ఏరుకునేవాళ్లకు రెండు రోజులు టైమిచ్చి, ఆ తర్వాతే కయ్యలోకి గొడ్లను తోలండి.

ఇళ్లు కట్టే మేస్త్రీలకు వాక్యం ఇంకా సూటిగా ఉంది: డాబా మీద పిట్టగోడ కట్టు, ఎవరైనా పడితే ఆ రక్తం నీ ఇంటి మీద ఉంటుంది (ద్వితీయోపదేశకాండము 22:8). ఎం20 స్లాబు కాంక్రీటుకు బస్తా సిమెంటుకు 30 లీటర్ల నీళ్లు దాటకూడదు. జారుడుగా ఉంటుందని ఇంకో బకెట్ పోస్తే పోత సులువవుతుంది, స్లాబు బలం పోతుంది. ఎండాకాలం పది రోజులు తడపాల్సింది నాలుగు రోజులకే మానేస్తే చూసేవాడుండడు. అక్కడే మీరెవరి కోసం పని చేస్తున్నారో తేలుతుంది.

ఆదివారం సంగతి

ఒంగోలు ప్రాంతపు తొలి తరం క్రైస్తవుల ముందు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ దొర పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వాళ్లలో ఎక్కువమంది తోలు పని చేసే మాదిగలు. ఊరి పెద్ద ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాల్సిన బతుకులు. వారంలో ఒక రోజు "ఇయాళ రాము" అనగలగడం వాళ్లకు చిన్న సంగతి కాదు, దానికి దెబ్బలు కూడా తిన్నారు. ఆ రోజు ముందుగా ఎవరికి దక్కాలో దీన్నిబట్టే చూడండి. యజమాని సూటు వేసుకుని గుళ్లో ముందు వరసలో కూర్చుని, చెరువు కాపలావాణ్ణి గట్టు మీదే ఉంచితే ఆదివారం తలకిందులైనట్టు.

చెరువును వదిలేసి రమ్మనడం కూడా తెలివి కాదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుంటుంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగినా కరెంటు పోయినా గంటల్లో రొయ్యలు తేలిపోతాయి. బావిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన కూడా పైకి తీస్తారు కదా అని యేసు అడిగాడు (లూకా 14:5). పక్క చెరువుల వాళ్లతో కలిసి నెలకు వంతుల పట్టీ రాయండి, ఒక ఆదివారం యజమానే గట్టు మీద ఉండాలి. శనివారం రాత్రంతా మేలుకున్న మనిషిని తొమ్మిది గంటల ఆరాధనకు పిలిస్తే ప్రసంగంలో నిద్రపోతాడు, అందరూ నవ్వుతారు. అతణ్ణి సాయంత్రం కూడికకు పిలవండి. పట్టుబడి తేదీ ఆదివారం పడకుండా బేరం కుదుర్చుకునేటప్పుడే కంపెనీ వాళ్లకు చెప్పాలి, లారీ బయల్దేరాక చెప్పి లాభం లేదు.

సాక్ష్యం చెప్పేటప్పుడు

సాయాన్ని సాక్ష్యానికి ఎరగా వాడకుండా ఉండడానికి ఈ నేల మీదే గట్టి ఉదాహరణ ఉంది. 1876-78 ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

ఎదుటి మనిషి అన్నం మీ చేతిలో ఉన్నప్పుడు దాన్ని గాలంగా వాడొద్దు. కూలీలను ప్రార్థనకు రమ్మని ఒత్తిడి పెట్టొద్దు, వచ్చినవాళ్లకు పని ముందు ఇవ్వొద్దు. బడిలో టీచరుకూ ఇదే వర్తిస్తుంది. నర్సు అక్కలు ముందు ఇంజెక్షను, బీపీ, చార్టు పూర్తి చేసి, రోగి తనంతట తాను అడిగితే రెండు నిమిషాలు ప్రార్థించి లేవాలి. ప్రార్థన చేశాం కాబట్టి షుగరు మాత్రలు, టీబీ మందులు మానేయొచ్చని పొరపాటున కూడా అనొద్దు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలల కోర్సు, మధ్యలో మానితే మందుకు లొంగని టీబీగా తిరగబెట్టవచ్చు.

దశమభాగం (పదో వంతు కానుక) గురించి క్లుప్తంగా: రైతు సాగు ఖర్చు, కౌలు తీసేశాక మిగిలినదాంట్లో లెక్క కట్టాలి, ఇంటి ఖర్చు మాత్రం తీసేయకూడదు. 57,000 రాబడిలో 35,000 ఖర్చుపోతే 22,000 మిగులు, 2,200 కానుక. పంట పోయిన ఏడు ఏమీ మిగలదు కాబట్టి ఏమీ లేదు. కానుక కోసం అప్పు చేయమని ఎవరన్నా చెబితే వినొద్దు.

పాత తప్పు దిద్దుకోవాలంటే

నోటు పుస్తకంలో రాసుకుంటూ పోతే పాత లెక్కలు బయటపడతాయి. అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. ధర్మశాస్త్రంలో అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది (సంఖ్యాకాండము 5:7). మనకు ఐదో వంతుతో మొదలుపెట్టడం కుదిరే పని. ఒక రైతు దగ్గర 1,500 రూపాయల వడ్లు ఎక్కువ పట్టారనుకోండి, 1,800 తీసుకుని ఒక్కరే పోండి. ఇంటాయన, ఇంటామె ఇద్దరూ ఉన్నప్పుడు కూర్చుని "మీ లెక్కలో మేం తప్పు చేశాం, ఇదిగో" అని ఆ తేదీ, బస్తాల సంఖ్య చెప్పండి. "పొరపాటైపోయింది" అని నాన్చొద్దు. ఆయన కోప్పడితే పడనివ్వండి. ఆయన లేకపోతే పిల్లలకు ఇవ్వండి. ఊరొదిలి పోయి ఉంటే వాళ్ల బంధువుల ద్వారా నంబరు పట్టుకుని పంపండి, ఎవరూ దొరకకపోతేనే సంఘంలో బీదల పెట్టెలో వేయండి. తర్వాతి ఆదివారం సాక్ష్యాల టైములో మైకు ముందుకు పోయి దాన్ని చెప్పుకోవద్దు, ఆ రైతు పేరు ఊరందరికీ తెలిసిపోతుంది.