పెరట్లో చాటు కట్టుకుని పిట్టల కదలికలను ఫోటో తీయడం ఎలా?

కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టను తీయడానికి కాస్త ఓపిక ఉంటే చాలు. అది రెక్కలు విప్పి వాలుతున్నప్పుడో, నీళ్లు చిమ్ముతూ స్నానం చేస్తున్నప్పుడో, పక్కదానితో తగువు పడుతున్నప్పుడో తీయడమే కష్టం. ఎగిరే పిట్ట వెంట లెన్స్ తిప్పుతూ పోతే ఎక్కువగా దొరికేవి తోకలే. అది వచ్చే చోటును మనమే తయారుచేసి, అక్కడ ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చోవాలి. తిరుపతిలో చిన్న పెరడున్నా, చిత్తూరు వైపు మామిడితోట ఉన్నా పద్ధతి ఇదే.

ముందు నీళ్లు పెట్టండి

పండ్లు, గింజలు పెట్టమంటారు చాలామంది. మన వైపు ఆ సలహా నాకు నచ్చదు. పండు పెడితే ముందు కాకి, తర్వాత ఉడత, కొండవార వీధుల్లో అయితే ఏకంగా కోతుల గుంపు దిగుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే చోట నీళ్లను మించిన ఎర లేదు. పిగిలిపిట్టలు, గోరింకలు, పిచ్చుకలు వాటంతటవే వస్తాయి.

వెడల్పాటి మట్టి పళ్లెం తీసుకోండి. నడుమ కూడా లోతు రెండంగుళాలు మించకూడదు. కాలు జారకుండా అందులో ఒక గరుకు రాయి వేయండి. పిల్లికి అందకుండా, మీరు కూర్చుంటే లెన్స్ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున పెట్టండి. మెడికల్ షాపులో కొత్త సెలైన్ పైపు కొని, పైన కట్టిన నీళ్ల డబ్బాకు తగిలించి, ఒక్కో చుక్క పళ్లెంలో పడేలా దాని చక్రం తిప్పండి. నిలవ నీళ్ల కన్నా కదిలే నీళ్లనే పిట్టలు తొందరగా పసిగడతాయి. పళ్లెం రోజూ కడిగి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

తేనెపిట్టలు మాత్రం పళ్లెం జోలికి అంతగా రావు. తడి ఆకుల మీద దొర్లి స్నానం చేస్తాయి. వాటికోసం పక్కనున్న మందార చెట్టు మీద నీళ్లు చల్లండి.

కొమ్మ ఎక్కడ పెట్టాలి

అసలు పనంతా ఇక్కడే ఉంది. పిట్ట నేరుగా నీళ్లలో దిగదు. ముందు దగ్గర్లో వాలి, అటూ ఇటూ చూసి, తర్వాత దూకుతుంది. అందుకని పళ్లానికి ఒక పక్కన, అడుగు పైన, ఒకే ఒక్క కొమ్మ కట్టండి. కొమ్మ, పళ్లెం రెండూ మీకు సమాన దూరంలో ఉండాలి. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాకు 300 ఎంఎం లెన్స్ పెట్టి, 4 మీటర్ల దూరం నుంచి ఎఫ్/5.6లో (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె, అది పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) తీస్తే స్పష్టంగా పడేది దాదాపు 4 సెంటీమీటర్ల మందమే. ఎఫ్/8లో అయినా 6కి కాస్త తక్కువే. పిట్ట మీ వైపు ఎగిరితే ఆ మందం కంటిరెప్ప వేసేలోగా దాటిపోతుంది. అడ్డంగా ఎగిరితేనే మీకు అవకాశం. వెనక తెల్ల కాంపౌండు గోడ లేకుండా, దూరంగా పచ్చటి చెట్లు ఉంటే ఇంకా మంచిది.

చాటు

పిట్టలకు కనబడకుండా మీరు కూర్చునే మరుగు ఇది. నాలుగు సరుగుడు కట్టెలు, రెండు మడతల గ్రీన్ షేడ్ నెట్ చాలు. మీ వెనక నల్లగుడ్డ తప్పకుండా కట్టండి. వెలుతురు వెనక నుంచి పడితే నెట్ లోపల మీరు కదిలేది పిట్టకు కనబడుతుంది. ఉదయం ఎండ మీ వీపున ఉండాలంటే చాటు పళ్లానికి తూర్పున ఉండాలి. సాయంత్రం అక్కడి నుంచే తీస్తే ఎండ ఎదురుగా వచ్చి నీటి చుక్కలు మెరుస్తాయి. అదీ బాగుంటుంది.

కట్టిన రోజే లోపల దూరకండి. లెన్స్ పెట్టే చోట ఖాళీ సీసా ఒకటి దూర్చి కొన్నాళ్లు వదిలేస్తే పిట్టలు అలవాటు పడతాయి. లోపలికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి. వాళ్లు బయటికి వచ్చేస్తే, అందరూ వెళ్లిపోయారనుకుని పిట్టలకు చాలావరకు అనుమానం పోతుంది.

కెమెరా

సెకనుకు 4 మీటర్ల వేగంతో కదిలే రెక్క 1/500 షట్టర్ వేగంలో (అంటే సెకనులో 500వ వంతులో) 8 మిల్లీమీటర్లు, 1/2000లో 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. గోరింకకు, పిగిలిపిట్టకు 1/2000 సరిపోతుంది. తేనెపిట్టకు 1/3200 పెట్టండి. ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి, ఫోటోలో కాస్త గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు వచ్చినా టెన్షన్ పడకండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే కొన్నిటిలో రెక్కలు వంకర పోతాయి, అప్పుడు మెకానికల్‌కు మారండి. విప్పిన రెక్కలు ఫ్రేమ్ బయటికి పోకుండా జూమ్ కొంచెం వెనక్కి లాగండి.

పిట్ట ఎగరబోయే ముందు ఒళ్లు కిందికి కుదించుకుంటుంది. చాలాసార్లు రెట్ట వేస్తుంది. అప్పుడే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే మోడ్) నొక్కాలి. అవి సాధారణంగా గాలికి ఎదురుగానే లేస్తాయి, వాలతాయి. కాబట్టి గాలి మీ వీపు వైపు నుంచి వీచే రోజున ముఖాలు బాగా దొరుకుతాయి.

గూడు దగ్గర మాత్రం చాటు కట్టకండి. గుడ్లను, గూళ్లను కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం కూడా వద్దు. ఇక ఒకే కొమ్మ మీద పది ఫోటోలు చూస్తే ఎవరికైనా విసుగే, అప్పుడప్పుడు మార్చండి. వేప, సీతాఫలం, జనవరి ఫిబ్రవరి నెలల్లో అయితే పూత ఉన్న మామిడి రెమ్మ.