పెల్టియర్ కూలర్: ఖాళీగా ఉంటే చల్లన, పని చెబితే సెగ

పెల్టియర్ బిళ్ల అంటే కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక. అది పెట్టిన ప్రాసెసర్ కూలర్ మొరాయిస్తే అందరూ ముందు ఆ బిళ్లనే అనుమానిస్తారు. నేనైతే ముందు దాని వేడి వైపున్న హీట్‌సింక్‌ను, అంటే వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మను చూస్తాను. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇక్కడ రాసేదంతా తేలిగ్గా దొరికే టీఈసీ1-12706 బిళ్ల గురించి. 40 మి.మీ. చదరం, లోపల 127 జతల బిస్మత్ టెల్యురైడ్ అనే సెమీకండక్టర్ ముక్కలు, గరిష్ఠంగా 6 ఆంపియర్ల కరెంటు.

ఖాళీగా ఉంటే 20 డిగ్రీలు, గేమ్ తెరవగానే 95

బిళ్ల వేడిని మాయం చేయదు, ఈ వైపు నుంచి ఆ వైపుకు మోస్తుంది. మోసినందుకు కూలి కూడా తీసుకుంటుంది. 12 వోల్టులిస్తే అది తాగే 50 వాట్ల పైచిలుకు కరెంటు కూడా వేడై ఆ రెండో వైపే చేరుతుంది. అంటే 65 వాట్ల ప్రాసెసర్ అయితే హీట్‌సింక్ మీద పడే భారం దాదాపు 120 వాట్లు. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న ఫ్యాన్ దాన్నేం మోస్తుంది?

ఇంకో మెలిక ఉంది. అమ్మేవాళ్లు "50-60 వాట్లు లాగుతుంది, 65 డిగ్రీలకు పైగా తేడా తెస్తుంది" అంటారు. రెండూ నిజమే, కానీ ఒకేసారి కాదు. అన్ని వాట్లు మోసేది రెండు వైపులా ఒకే వేడి ఉన్నప్పుడు. తేడా పెరిగేకొద్దీ మోత తగ్గి, చివరికి సున్నాకు వస్తుంది. ప్రాసెసర్ 90 వాట్లు కక్కితే చల్లగా ఉండాల్సిన వైపే ఎక్కువ వేడిగా తయారవుతుంది. అప్పుడది కూలర్ కాదు, దారికి అడ్డం పెట్టిన పెంకు.

ఫుల్ లోడ్‌లో హీట్‌సింక్ అడుగును జాగ్రత్తగా తాకి చూడండి. చురుక్కుమంటే హీట్‌సింక్ చాలట్లేదు. రెండు టవర్లదో, 240 మి.మీ. వాటర్ కూలరో కావాలి. గోరువెచ్చగానే ఉండి ప్రాసెసర్ మాత్రం 95 చూపిస్తుంటే మధ్యలో వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్టు సరిగా అంటలేదు, లేదా బిళ్లకు కరెంటు అందట్లేదు. పట్టుదల ఉంటే రాగి పలక మీద రెండు మూడు బిళ్లలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి 6-7 వోల్టులే ఇవ్వండి. కరెంటు సగమైతే బిళ్ల లోపల పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

బిగించగానే ముందుకన్నా వేడెక్కింది

వైర్లు తారుమారయ్యాయి, లేదా బిళ్ల తిరగబడింది. ఎరుపు తీగ ఎటుంటే ఏ వైపు చల్లన అని గుర్తుపెట్టుకునే గొడవొద్దు. బిళ్లను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తీగలకు ఒక పెన్సిల్ సెల్ రెండు సెకన్లు తాకించండి. చల్లబడ్డ వైపు వేలికే తెలిసిపోతుంది. అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. హీట్‌సింక్ లేకుండా మాత్రం 12 వోల్టులు ఇవ్వొద్దు, లోపలి టంకం దెబ్బతింటుంది.

కాలిన వాసన, ఉన్నట్టుండి ఆగిపోవడం

బిళ్లను మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నులకు తగిలించారేమో చూడండి. అవి మామూలుగా 1 ఆంపియర్‌కు మించి ఇవ్వలేవు, బిళ్ల అడిగేది నాలుగైదు. నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి లావుపాటి వైరుతో ఇవ్వాలి. వేరే అడాప్టర్ వాడితే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి కంప్యూటర్, బిళ్ల రెండూ కలిసే ఆన్ అయ్యేలా చూడండి. ప్రాసెసర్ నడుస్తుంటే బిళ్ల ఆగిందా, వేడి బయటకు పోయే దారి మూసుకుపోయినట్టే.

సాకెట్ చుట్టూ నీటి చుక్కలు

ఇది మాత్రం బోర్డును చంపేస్తుంది. విశాఖలో వానాకాలం, గదిలో 30 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం అనుకోండి. 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతిదానికీ చెమ్మ పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే. నేనొకసారి బోర్డు విప్పితే సాకెట్ వెనక టంకం చుక్కల మీద పచ్చటి చిలుము కనిపించింది. పైనుంచి చూస్తే అంతా పొడిగానే ఉంది.

సాకెట్ చుట్టూ, వెనకా గాలి దూరని నియోప్రిన్ ఫోమ్ అతికించండి. అంతకన్నా మంచిది చల్లటి వైపును అసలు 25 డిగ్రీల కిందికి పోనివ్వకపోవడం. ఇంటెల్ 2020లో తెచ్చిన క్రయో కూలింగ్‌లోనూ ఇదే పద్ధతి. సెన్సర్‌తో తేమను కొలిచి, చెమ్మ పట్టే హద్దు దాటకుండా బిళ్లను నడిపేవారు. 2023లో దాన్నీ ఆపేశారు. చవక థర్మోస్టాట్‌తో మాటిమాటికీ ఆన్-ఆఫ్ చేస్తే బిళ్ల సాగుతూ ముడుచుకుంటూ పగుళ్లిస్తుంది. వోల్టేజీ తగ్గించి నడపడమే మేలు.

బిళ్ల పోయిందా, ఉందా?

రెసిస్టెన్స్ 2 ఓముల దగ్గర చూపాలి. కానీ రెండు వైపుల వేడిలో కాస్త తేడా ఉన్నా మీటర్ అబద్ధమాడుతుంది, ఎందుకంటే ఆ తేడాకు బిళ్ల తనే కరెంటు పుట్టిస్తుంది. అదే పరీక్షగా వాడుకోండి. మీటర్‌ను మిల్లీవోల్టులకు మార్చి, బిళ్ల ఒక వైపు అరచేయి ఆనించండి. అంకె కదిలితే లోపలి గొలుసు తెగలేదు. తెగితే చాలావరకు స్క్రూలు ఒక పక్కే బిగించడం వల్లే. మూలమూలకూ, కొద్దికొద్దిగా బిగించాలి.

ఉంచాలా, తీసేయాలా?

అదే గది, అదే ఫ్యాన్, అదే లోడ్. బిళ్లతో అరగంట నడిపి, బిళ్ల తీసేసి హీట్‌సింక్‌ను నేరుగా ప్రాసెసర్ మీద పెట్టి మరో అరగంట నడపండి. లోడ్‌లో ఉన్నప్పటి అంకెనే లెక్కలోకి తీసుకోండి, ఖాళీగా ఉన్నప్పటి అంకె ఫొటోలకే. నా 65 వాట్ల మెషీన్ బిళ్ల తీసేశాకే చల్లగా నడిచింది. రోజుకు 8 గంటల లెక్కన నెలకు ఓ 12 యూనిట్ల కరెంటు కూడా మిగిలింది.