పసిబిడ్డకు వస్తువులను గుర్తుపట్టడం ఎలా అలవాటు చేయాలి?

పుట్టగానే బిడ్డ కళ్లు తెరుస్తుంది కానీ ఏది గిన్నె, ఏది దాని వెనకున్న గోడ అన్నది విడిగా తెలియదు. అది తెలియడానికి బాగా సాయపడేది కదలిక. ఖరీదైన బొమ్మలేవీ అక్కర్లేదు, ఇంట్లో ఉన్నవి చాలు.

1. మొదటి నెలలో మీ ముఖమే చూపించండి. అప్పుడు బిడ్డ చూపు ఆనేది 20–30 సెంటీమీటర్ల దూరంలోనే. పాలు పట్టేటప్పుడు తల్లి ముఖం దాదాపు అక్కడే ఉంటుంది. నలుపు తెలుపు చారల గుడ్డ చూపించినా కళ్లప్పగించి చూస్తుంది.

2. రెండో నెల దాటాక వస్తువును కదిలించండి. గిలక్కాయను కళ్లముందు ఈ వైపు నుంచి ఆ వైపుకు మెల్లగా జరపండి. మొదట్లో చూపు ఆగి ఆగి గెంతుతుంది, కొన్నాళ్లకు దాని వెంటే సాఫీగా జారుతుంది. ఒక్కసారికి ఒక్క వస్తువే, వెనక ఖాళీ గోడ ఉంటే మంచిది.

కదలికకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, 1983లో కెల్మన్, స్పెల్కీ అనే పరిశోధకులు ఒక కర్ర మధ్యభాగాన్ని అడ్డుపెట్టి దాచి, నాలుగు నెలల పిల్లలకు చూపించారు. పైకొస, కిందికొస కలిసి కదిలినప్పుడు పిల్లలు దాన్ని ఒకే కర్రగా తీసుకున్నారు. తర్వాత అడ్డు లేకుండా రెండు ముక్కల కర్రను చూపిస్తే, కొత్త వస్తువును చూసినట్టు ఎక్కువసేపు చూశారు. కర్ర కదలకుండా ఉన్నప్పుడు ఆ తేడా కనబడలేదు. మన దేశంలో పుట్టుగుడ్డి పిల్లలకు ఆపరేషన్ చేయించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లోనూ, చూపు కొత్తగా వచ్చినవాళ్లు గీసిన బొమ్మలో ఒకదానిమీద ఒకటి పడిన ఆకారాలను విడదీయలేకపోయారు. కదిలిస్తే గుర్తుపట్టారు. నాకు ఇది అద్భుతంగా అనిపిస్తుంది.

3. నాలుగైదు నెలలకు రెండు కళ్లూ కలిసి పనిచేసి దూరం, దగ్గర తెలుస్తాయి. అందేంత దూరంలో వస్తువు పెట్టి, తననే పట్టుకోనివ్వండి. తిప్పి చూస్తేనే వెనకవైపు కూడా ఉందని తెలుస్తుంది. నోట్లో పట్టేంత చిన్నవి మాత్రం వద్దు.

4. ఎనిమిదో నెలకు దోబూచులాడండి. బొమ్మను తువ్వాలుతో ముందు సగమే కప్పండి, తర్వాత పూర్తిగా.

కంట్లో కాటుక పెట్టకండి. నాలుగు నెలలు దాటినా మెల్లకన్ను ఉన్నా, చూపు నిలపకపోయినా కంటి డాక్టరుకు చూపించండి. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపే రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష చేయించాలి.