చెన్నై ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంట్: రోగిని చేర్చుకోవడం, వార్డు మార్చడం, ఇంటికి పంపడం ఎలా?

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చేవాళ్లు ఎక్కువ. ఇక్కడి వార్డుల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్లుగా పనిచేసే తెలుగువాళ్లూ ఉన్నారు. రోగి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే సందర్భాలు మూడు. అవి చేరడం, వార్డు మారడం, ఇంటికి వెళ్లడం. కట్టుడు పళ్లు పోవడం, దారిలో ఆక్సిజన్ అయిపోవడం, చేతికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) ఉండగానే రోగి రైలెక్కేయడం, అన్నీ ఈ మూడు చోట్లే జరుగుతాయి. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

చేర్చుకునేటప్పుడు

కింద అడ్మిషన్ కౌంటర్ నుంచి ఫోన్ రాగానే రోగి నడిచి వస్తున్నారా, వీల్‌చెయిర్‌లోనా, స్ట్రెచర్ మీదా అని అడగండి. నడిచి వచ్చేవారికైతే మంచం కిందికి దించి ఉంచాలి. స్ట్రెచర్ అయితే మంచాన్ని అదే ఎత్తుకు లేపి, దుప్పటి ఒక పక్కకు మడిచి, ఆ వైపు రెయిలింగ్ దించాలి. ఎలాగైనా సరే చక్రాల బ్రేకులు వేసి ఉండాలి. ఆక్సిజన్ తిప్పి హ్యూమిడిఫయర్ (ఆక్సిజన్‌కు తేమ కలిపే నీళ్ల) సీసాలో బుడగలు వస్తున్నాయో లేదో, కాలింగ్ బెల్ మోగుతోందో లేదో చూడండి. నీళ్ల జగ్గు మాత్రం సిస్టర్‌ను అడిగాకే పెట్టండి. ఖాళీ కడుపుతో ఉండాల్సిన మనిషి దాహానికి ఒక గ్లాసు తాగితే ఆపరేషన్ వాయిదా పడొచ్చు.

"మీరు రమణమ్మగారేనా?" అని అడగకండి. భయంలో, చెవులు సరిగా వినబడక, భాష అర్థంకాక చాలామంది తల ఊపేస్తారు. "అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి" అనాలి. ఆవిడ చెప్పిన పేరు, చేతి పట్టీ మీది యూహెచ్ఐడీ నంబరు (ఆసుపత్రి ఒక్కో రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఫైలు మూడూ కలవాలి. మంచం నంబరును గుర్తుగా తీసుకోకూడదు, మంచాలు మారుతుంటాయి. మనవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. తమిళనాడులో పేరు ముందుండే అక్షరం మామూలుగా తండ్రి పేరుది, మనకేమో ఇంటిపేరుది. కౌంటర్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే బీమా కాగితాలు ఆగిపోతాయి. చేరిన రోజే సిస్టర్‌కు చెబితే చిన్న సవరణతో పోతుంది. డిశ్చార్జి రోజు తెలిస్తే గంటల తరబడి తిరగాలి.

బరువు చూసే రాయండి, వెంట వచ్చినవాళ్లు చెప్పింది రాయకండి. చాలా మందులకు మోతాదు కిలో లెక్కన కడతారు. బీపీ చూసే ముందు 5 నిమిషాలు కూర్చోనివ్వాలి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి, రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. శ్వాస లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మారిపోతుంది. కాబట్టి నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని 60 సెకన్లూ ఛాతీని గమనించండి. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ తక్కువ చూపిస్తే ముందు నెయిల్ పాలిష్, చల్లబడ్డ వేళ్లు చూసుకోండి. అయినా 94 శాతం కంటే తక్కువే ఉంటే చార్టులో రాసి ఊరుకోకుండా సిస్టర్ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పండి.

ఇక్కడే భాష ప్రాణం మీదికి తెస్తుంది. మనవాళ్లు "ఆయాసంగా ఉంది" అంటే ఊపిరి అందడం లేదని. తమిళంలో ఆయాసమంటే అలసట. ప్రయాణం బడలిక అనుకుని తమిళ సిస్టర్ ముందుకెళ్లిపోవచ్చు. ఊపిరిని తమిళంలో మూచ్చు అంటారు. "మూచ్చు వాంగుదా?" (ఆయాసం వస్తోందా?) అని సిస్టర్ అడిగితే మన పెద్దవాళ్ల చెవికి మూర్ఛ అన్నట్టు వినబడి "లేదమ్మా" అనేస్తారు. ఈ రెండు మాటలూ మీకు తెలిసి ఉంటే చాలు, పెద్ద ప్రమాదం తప్పించగలరు. మీకు తోచిన అర్థం కలపకుండా, రోగి అన్నది అన్నట్టు చెప్పండి.

బట్టలు మార్చేటప్పుడు వీపు కింది భాగం, మడమలు, తల వెనక, భుజాల ఎముకల మీద చర్మం చూడండి. ఎర్రబడినా పుండున్నా వెంటనే చెప్పాలి. ఇంటి నుంచే వచ్చిన పుండా, వార్డులో పడిందా అన్నది ఆ రోజు రాస్తేనే తేలుతుంది. నగలు ఇంటివాళ్లకే ఇచ్చి సంతకం తీసుకోండి. "బంగారు గొలుసు" అని రాయకూడదు, "పసుపు రంగు లోహపు గొలుసు, 1" అని రాయాలి. అది బంగారమో కాదో మనం తేల్చలేం. మంగళసూత్రం తీయనంటే బలవంతపెట్టకుండా సిస్టర్‌కు చెప్పండి. ఇంటి నుంచి తెచ్చిన మాత్రలు సిస్టర్ చేతికే ఇవ్వాలి. ప్రమాదం, కాలిన గాయాల వంటి పోలీసు కేసుల్లో ఒంటి మీది బట్టలు ఉతకొద్దు, పారేయొద్దు.

వార్డు మార్చేటప్పుడు

అవతలి వార్డు మంచం సిద్ధమని చెప్పాకే కదలండి, లేకపోతే రోగి వరండాలో స్ట్రెచర్ మీద ఎదురుచూడాల్సి వస్తుంది. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకైతే సిలిండర్ లెక్క వేసుకోవాలి. నిండు బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లయితే 300 నిమిషాలు. గేజ్ సగం చూపిస్తూ, 10 లీటర్ల మీద నడుస్తుంటే 75 నిమిషాలే. లిఫ్టు కోసం ఆగడం, స్కాన్ దగ్గర వరస అన్నీ కలిపి, మీరనుకున్న సమయానికి రెట్టింపు సరిపడా తీసుకెళ్లండి. ఎమ్మారై గది గుమ్మం మాత్రం ఆ సిలిండర్‌తో దాటకూడదు. 2018 జనవరిలో ముంబయిలో అలా సిలిండర్‌తో లోపలికి వెళ్లిన ఒక రోగి బంధువును యంత్రం లాగేసి ప్రాణం తీసింది.

యూరిన్ బ్యాగ్‌ను బయల్దేరే ముందే కొలిచి, రాసి, ఖాళీ చేయండి. దారిలో అది మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. పొట్ట మీద పెడితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఛాతీ గొట్టం సీసా కూడా ఛాతీ కంటే కిందే ఉండాలి. మీ అంతట మీరు ఆ గొట్టానికి క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్) వేయకండి.

మంచం నుంచి వీల్‌చెయిర్‌లోకి ఇలా మార్చండి:

1. కుర్చీని రోగికి బలమున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టి, రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టుకునే రేకులు పైకి మడవండి.
2. రోగిని అంచున కూర్చోబెట్టి పాదాలు నేలకు ఆననిచ్చి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పడుకుని లేచిన వెంటనే బీపీ పడిపోతుంది. కింద పడిపోవడాలు ఎక్కువగా ఇక్కడే. కళ్లు తిరుగుతున్నాయంటే మళ్లీ పడుకోబెట్టాలి.
3. జారని చెప్పులు వేయించండి. వట్టి సాక్స్‌తో నిలబెట్టొద్దు.
4. మీ మోకాళ్లు వంచి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని లేపండి. చంకల్లో చేతులేసి లాగితే భుజం దెబ్బతింటుంది. మెడ పట్టుకోనిస్తే మీ మెడ పోతుంది.
5. కుర్చీ సీటు కాళ్ల వెనక తగిలాక కూర్చోబెట్టి, పాదాలు రేకుల మీద పెట్టించండి.

ర్యాంపు దిగేటప్పుడు మీరు వెనక్కి నడుస్తూ కుర్చీని పట్టి దించాలి. లిఫ్టులోకీ వెనక్కే లాగితే పెద్ద చక్రాలు ముందు దాటతాయి, చిన్నవి సందులో ఇరుక్కోవు. అవతలి సిస్టర్ ఎదురుగా నిలబడి ఫైలు, కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం ఒక్కొక్కటీ చూపించి అప్పగించేదాకా అక్కడి నుంచి రాకండి.

ఇంటికి పంపేటప్పుడు

డాక్టర్ డిశ్చార్జి అన్న నిమిషం నుంచి ఇంటివాళ్లు సంచులు సర్దుతారు, బిల్లు మాత్రం తెమలదు. క్యాష్‌లెస్ బీమాకు తుది అనుమతి 3 గంటల్లో ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఈ మాట ముందే చెబితే రైలు టికెట్ దానికి తగ్గట్టు చూసుకుంటారు. ఆలోగా అన్నం, మందుల వేళ తప్పకుండా చూడండి.

క్యాన్యులా సిస్టర్ తీస్తారు. అది నిజంగా తీసేశారో లేదో చొక్కా చేతులు పైకి మడిచి మీరు చూడండి. మందుల గురించి మీరు చెప్పకండి. కానీ సిస్టర్ తమిళంలో చెప్పింది రోగికి అర్థమైనట్టు లేకపోతే ఆ సంగతి అక్కడే చెప్పి, తెలుగు వచ్చిన నర్సును పిలిపించండి. చీటీలో 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే అర్థమైనట్టు. ఎక్స్‌రేలు, రిపోర్టులు, మళ్లీ రావాల్సిన తేదీ చేతికి అందాయో చూడండి. డాక్టర్ వద్దన్నా వెళ్లిపోతామంటే వాదించకుండా వెంటనే సిస్టర్‌ను పిలవండి.

కారు దాకా వీల్‌చెయిర్‌లోనే తీసుకెళ్లండి. ముందు సీటు వెనక్కి జరిపి, మొదట వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి.

తిరిగొచ్చాక దుప్పటి దులపకండి, లోపలికి మడుస్తూ తీయండి. మడతల్లో సూదులు, సెల్‌ఫోన్లు, పళ్ల సెట్లు దొరుకుతుంటాయి. సెలైన్ గొట్టాలు, యూరిన్ బ్యాగులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, సూదులను అవి పొడుచుకుని బయటికి రాని తెల్ల డబ్బాలోకి వేయాలి. పరుపును రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త దుప్పటి పరవండి.