డాలస్ నుంచి యూటా దాకా: ఏటీవీ ట్రైల్స్ కోసం లాంగ్ రోడ్ ట్రిప్ ప్లాన్ చేయడం ఎలా?

రిసార్టుల్లోనో బీచ్‌ల్లోనో పది నిమిషాలు తిప్పించే నాలుగు చక్రాల బండి, అంటే ఏటీవీ, మనలో చాలామంది ఎక్కే ఉంటారు. యూటా కొండల్లో అదే బండి మీద పొద్దున బయల్దేరి పొద్దుగూకే దాకా తిరగడం మాత్రం పూర్తిగా వేరే అనుభవం. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు ఒక్కసారైనా చేయాల్సిన ప్రయాణం ఇదని నా నమ్మకం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చేరాల్సినవి రెండు చోట్లు: ఎర్రరాతి మోయాబ్, అక్కడి నుంచి మధ్య యూటాలోని పైయూట్ ట్రైల్.

ఇలాంటి ట్రిప్‌కి చాలామంది ముందు సెలవులు పెట్టి, హోటళ్లు బుక్ చేసి, చివర్లో ట్రైల్స్ గురించి వెతుకుతారు. వరస తిరగెయ్యాలి. ముందు ట్రైల్ సంగతి తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి ఇంటి దాకా ప్లాన్ గీసుకుంటూ రావాలి. ఏ నెలలో వెళ్లాలి, ఏ బండి కావాలి, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి ట్రైలే చెబుతుంది.

1. ముందు నెల తేల్చుకోండి

మోయాబ్ ఎడారి ఊరు. జులైలో ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, పైగా వేసవి చివర్లో కురిసే వానలకి ఎండిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. పైయూట్ ట్రైల్ దీనికి పూర్తిగా ఎదురు. ఫిష్‌లేక్ నేషనల్ ఫారెస్ట్ గుండా 275 మైళ్లు చుట్టి వచ్చే ఆ దారి కొన్నిచోట్ల 10,000 అడుగులు దాటుతుంది. ఆ ఎత్తులో మంచు కరిగి దారి తెరుచుకునేసరికి జూన్ నెలాఖరో జులైయో అవుతుంది.

అందుకే రెండూ కలిపి చూడాలంటే నా ఓటు సెప్టెంబర్‌కి. మోయాబ్ చల్లబడుతుంది, కొండల మీద ఇంకా మంచు పడి ఉండదు, నెలాఖరుకి ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకి తిరుగుతాయి. లేబర్ డే వారాంతం మాత్రం వదిలేయండి, విపరీతమైన రద్దీ. పిల్లల బడి వల్ల వేసవిలోనే వెళ్లక తప్పదంటే మోయాబ్‌ని పక్కనపెట్టి జులైలో పైయూట్ ఒక్కటే చూసి రండి.

2. సొంత బండా, అద్దె బండా?

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా అద్దె బండే. మోయాబ్‌లో అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి. రోజుకి కొన్ని వందల డాలర్లవుతుంది, నిజమే. కానీ వెయ్యి మైళ్లు ట్రైలర్ లాగే టెన్షన్ ఉండదు. మీ కారు ఇన్సూరెన్స్ అద్దె బండికి వర్తిస్తుందని అనుకోకండి. బండి దెబ్బతింటే ఎంత కట్టాలో సంతకం పెట్టేముందే అడిగి, కాగితం మీద చూసుకోండి.

ఏటీవీ సాధారణంగా ఒక్కరికే, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. కుటుంబంతో వెళ్తే సీట్లు, బెల్టులు, బోల్తాపడితే కాపాడే రోల్ కేజ్ పైన ఉండే సైడ్-బై-సైడ్ బండి తీసుకోండి. 16 ఏళ్ల లోపు పిల్లల చేతికి పెద్దల సైజు ఏటీవీ ఇవ్వొద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని ఎక్కించుకునేముందు వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్‌లో మినహాయింపుల పేజీ తీసి చదవండి. సాహస క్రీడల్లో తగిలే దెబ్బలకి చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు.

సొంత బండి తీసుకెళ్తే దాని వెడల్పు టేపు పెట్టి కొలవండి. అడవుల్లో కొన్ని ట్రైల్స్‌కి 50 అంగుళాల పరిమితి ఉంటుంది. 60 అంగుళాల సైడ్-బై-సైడ్‌తో వెళ్తే అక్కడి నుంచి వెనక్కి తిరగాల్సిందే.

3. కాగితాలు, పర్మిట్లు

యూటాలో 2023 జనవరి నుంచి పబ్లిక్ భూముల్లో ఇలాంటి బండి నడిపేవాళ్లు ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. అద్దె బండి నడిపేవాళ్లకీ ఇది తప్పదు కాబట్టి నడపబోయే ప్రతి ఒక్కరూ ఇంటి దగ్గరే పూర్తి చేసేయండి. వేరే రాష్ట్రం నుంచి సొంత బండి తెస్తే నాన్-రెసిడెంట్ పర్మిట్ కొనాలి. 18 ఏళ్ల లోపు వాళ్లకి హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకి చట్టం పట్టుబట్టకపోయినా పెట్టుకోండి, ఇందులో బేరాల్లేవు.

మోయాబ్ పక్కనే ఉన్న ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కుల్లోకి ఈ బండ్లని రానివ్వరు. వాటిని కారులో చూడటానికి వేరే రోజు పెట్టుకోండి. పాత మ్యాపులని కూడా నమ్మొద్దు. 2023లో భూ నిర్వహణ సంస్థ బీఎల్‌ఎమ్ లాబిరింత్ రిమ్స్, జెమినీ బ్రిడ్జెస్ ప్రాంతంలో 300 మైళ్లకి పైగా దారులు మూసేసింది. బయల్దేరే వారంలో బీఎల్‌ఎమ్, ఫారెస్ట్ సర్వీస్ వెబ్‌సైట్ల నుంచి తాజా మ్యాపులు దించుకోండి.

4. ట్రైలర్ మీద ఒక పూట పెట్టండి

సొంత బండి తీసుకెళ్లేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ట్రైల్ మీద పాడయ్యే బండ్ల సంగతి అందరూ ఆలోచిస్తారు, హైవే మీద పాడయ్యే ట్రైలర్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే చోట, పడాలి. అంతకంటే తగ్గితే వేగం పెరగ్గానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అందుకని ఏటీవీని ఇరుసుకి కాస్త ముందుకి నిలబెట్టండి. ఒకవేళ ఊగితే గట్టిగా బ్రేక్ తొక్కొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి.

ఏటీవీని ట్రైలర్‌కి బిగించి కట్టే రాచెట్ స్ట్రాపులు (పట్టీలు) నాలుగు మూలలా నాలుగు వేయాలి. స్ట్రాపు బిగిస్తున్నప్పుడు బండి సస్పెన్షన్ కొంచెం కిందికి కుంగాలి. అలా కుంగకపోతే గతుకు రాగానే బండి ఎగిరి స్ట్రాపు వదులవుతుంది. మిగిలిన కొసని ముడేసి కట్టేయండి, గాలికి కొట్టుకుంటూ ఉంటే రెండు గంటల్లో చివర్లు చిరిగిపోతాయి. సేఫ్టీ గొలుసులు హిచ్ కింద ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా వెళ్లాలి.

చిన్న ట్రైలర్ టైర్లు చాలావాటికి వేగ పరిమితి గంటకి 65 మైళ్లే. టెక్సస్ హైవే మీద పక్కవాళ్లు 80లో పోతున్నా మీరు 65 దాటకండి. ట్రైలర్‌కి వేరే స్టెప్నీ ఉండాలి, ట్రక్కు టైరు దానికి పట్టదు. మొదటి 50 మైళ్లకి ఆగి వీల్ నట్లు, స్ట్రాపులు మళ్లీ బిగించండి. తర్వాత గ్యాస్ (పెట్రోల్) కోసం ఆగిన ప్రతిసారీ ట్రైలర్ చక్రాల మధ్యనుండే హబ్‌ల దగ్గర అరచేతి వెనక వైపు పెట్టి వేడి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల బేరింగ్ పోతున్నట్టే, అదే ఊళ్లో మెకానిక్‌ని వెతకండి.

5. దారి

డాలస్ నుంచి మోయాబ్ సుమారు 1,000 మైళ్లు. విచిటా ఫాల్స్ మీదుగా అమరిల్లో, అక్కడి నుంచి ఐ-40 హైవే మీద అల్బుకర్కీ, తర్వాత యూఎస్ 550 పట్టుకుని ఫార్మింగ్టన్, కార్టెజ్, మాంటిసెల్లో మీదుగా మోయాబ్. ట్రైలర్‌తో ఒక్క రోజులో చేరాలనుకోకండి. న్యూమెక్సికోలోని టుకుమ్‌కారీలో రాత్రి ఆగితే దూరం దాదాపు సగానికి వస్తుంది. రాష్ట్రం దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది. మోటెల్ బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి ట్రైలర్ నిలపడానికి చోటుందా అని అడగండి, హిచ్‌కి తాళం వేయండి.

మొదటి రోజుకి పులిహోర చాలు, రెండో రోజుకి కూలర్‌లో పెరుగన్నం. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుంటే రాత్రుళ్లు మోటెల్ గదిలో తిండికి లోటుండదు. మన సరుకులన్నీ ఇంటి దగ్గరే సర్దుకోండి.

మోయాబ్ నుంచి పైయూట్ ట్రైల్ ఉన్న రిచ్‌ఫీల్డ్ సుమారు 180 మైళ్లు. మధ్యలో గ్రీన్ రివర్ అనే ఊరి నుంచి సలీనా దాకా ఐ-70 మీద 100 మైళ్లకి పైగా ఒక్క గ్యాస్ బంకు ఉండదు, హోటల్ ఉండదు. గ్రీన్ రివర్‌లో ట్యాంక్ ఫుల్ చేయకుండా కదలొద్దు.

6. ట్రైల్ మీద

మోయాబ్‌లో అందరూ హెల్స్ రివెంజ్ పేరే చెబుతారు. మొదటి రోజు దాని జోలికి వెళ్లకండి. నిట్టనిలువు రాతి వీపుల మీద ఎక్కి దిగే దారి అది. ముందు తేలిక దారిలో బండి చేతికి అలవాటయ్యాక, గైడ్‌తో వెళ్లండి. పొడిగా ఉన్నప్పుడు ఆ ఇసుకరాయి టైరుని అద్భుతంగా పట్టుకుంటుంది, తడిస్తే మాత్రం జారుతుంది. దారి పక్కన నల్లగా, పెళుసుగా పొక్కుల్లా కనిపించే నేల ప్రాణమున్న మట్టి. ఒక్కసారి తొక్కితే మళ్లీ కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. బండి గానీ కాలు గానీ దారి దాటనీయొద్దు.

పైయూట్ చుట్టు పూర్తిగా తిరగడానికి మూడు నాలుగు రోజులు కావాలి. మేరీస్‌వేల్ లాంటి చిన్న ఊళ్లలో మకాం పెట్టి రోజుకొక ముక్క తిరగడమే నాకు నచ్చిన పద్ధతి. డాలస్ ఎత్తు 500 అడుగుల లోపే, కాబట్టి 10,000 అడుగుల దగ్గర తలనొప్పి, ఆయాసం రావచ్చు. మొదటి రోజు తక్కువ ఎత్తులో ఉండి నీళ్లు బాగా తాగండి. కార్బ్యురేటర్ ఉన్న పాత ఏటీవీ అక్కడ ముక్కుతూ నడుస్తుంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఆ బాధ తక్కువ.

గ్యాస్‌ని మూడు వంతులు చేసి చూసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అవసరానికి ఒకటి. మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్లు. పంక్చర్ కిట్, చిన్న ఎయిర్ పంపు, లాగే తాడు, జాకెట్ ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకుని, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం ఒకటి వెంట పెట్టుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో మోటెల్‌లో గానీ ఇంట్లోవాళ్లకి గానీ చెప్పి వెళ్లండి.

బయల్దేరేముందు రిచ్‌ఫీల్డ్‌లోనే బండికి అంటిన మట్టి కడిగేయండి. అందులోని కలుపు విత్తనాలు వేరే రాష్ట్రానికి పోకుండా ఉంటాయి, బోల్టులు వదులైనా కనబడతాయి. వెళ్లేటప్పుడు కలిసొచ్చిన గంట తిరుగు దారిలో పోతుంది కాబట్టి, మూడో రోజుకి గానీ ఇంటికి చేరమనుకుని, ఆఫీసుకి సెలవు ఇంకో రోజు ఎక్కువే పెట్టుకోండి.